కీపర్ లీగ్‌లో శాలరీ క్యాప్ తగ్గిస్తే పోటీ సమానమవుతుందా?

ప్లేనో_కమిషనర్

అందరికీ నమస్తే. డాలస్ చుట్టుపక్కల ఉండే మా ఫ్రెండ్స్ మధ్య ఒక ఫాంటసీ బేస్‌బాల్ లీగ్ (నిజం ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల ఆట అంకెలతో పోటీపడేది) నడుపుతున్నాను. 12 టీములు. సగానికి పైగా మన తెలుగువాళ్లే, మిగతావాళ్లు ఆఫీసుల్లో పరిచయమైన అమెరికన్లు. ఆక్షన్ లీగ్, ఒక్కో టీముకు 260 డాలర్ల క్యాప్, అంటే ఖర్చు పరిమితి (నిజం డబ్బు కాదు, బిడ్ వేయడానికి మాత్రమే), 23 మంది ఆటగాళ్లు. బ్యాటింగ్‌లో ఐదు, పిచింగ్‌లో ఐదు కేటగిరీలు, మామూలు రోటో పద్ధతి (ఒక్కో కేటగిరీలో వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు). సీజన్ అయ్యాక ప్రతి టీమూ ఎనిమిది మందిని వచ్చే ఏడాదికి ఉంచుకోవచ్చు (వీళ్లనే కీపర్లు అంటాం), ఎంతకు కొన్నారో అంతకే, ఎన్నేళ్లైనా.

సమస్య ఏంటంటే, పైన ఎప్పుడూ అవే రెండు టీములు. ఒకాయన దగ్గర పాల్ స్కీన్స్ 2 డాలర్లకు, ఎలీ డి లా క్రూజ్ 4 డాలర్లకు, బాబీ విట్ 11 డాలర్లకు ఉన్నారు. ఈ ముగ్గురినీ ఈరోజు ఆక్షన్‌లో పెడితే వంద దాటిపోతుంది. ఇక ఆయన మిగతా డబ్బంతా పట్టుకుని ఆక్షన్‌కి వచ్చి ఆరన్ జడ్జినో హువాన్ సోటోనో లాంటి పెద్ద స్టార్‌ని ఎగరేసుకుపోతాడు. జూన్ వచ్చేసరికి కింద నాలుగు టీములవాళ్లు లైనప్ మార్చడం కూడా మానేస్తున్నారు. ఇద్దరు వచ్చే ఏడాది ఆడం అని చెప్పేశారు, వాళ్లు లీగ్ మొదటి రోజు నుంచీ ఉన్నవాళ్లు, అదే నాకు బాధగా ఉంది.

గ్రూపులో రెండు ప్రతిపాదనలు నడుస్తున్నాయి. ఒకటి, క్యాప్‌ని అందరికీ 260 నుంచి 230కి తగ్గించడం, అప్పుడు పెద్ద స్టార్లందరినీ ఒకే టీము కొనలేదని. రెండు, మేజర్ లీగ్‌లో (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) ఉన్నట్టు లగ్జరీ ట్యాక్స్ లాంటిది (జీతాలు ఒక గీత దాటిన టీము కట్టే పన్ను) పెట్టి గెలిచిన టీముకు మరుసటి ఏడాది కొంత డబ్బు కోయడం. ఇంకో నెలలో ఓటింగ్ పెట్టాలి. ఇలాంటి లీగులు నడిపినవాళ్లు, ఆడినవాళ్లు ఏది పనిచేస్తుందో చెప్పండి.

రోటో_లెక్కలు

క్యాప్ తగ్గించకండి అన్నా. తగ్గిస్తే మీరు ఎవరిని అదుపు చేయాలనుకుంటున్నారో వాళ్లకే లాభం. ఊరికే అనడం లేదు, లెక్క వేసి చూపిస్తాను, మీ లీగ్‌కి దగ్గరగా ఉండే అంకెలే తీసుకుంటున్నాను.

12 టీములు, 260 చొప్పున మొత్తం 3120 డాలర్లు. ఆటగాళ్ల మొత్తం విలువ కూడా 3120 అనుకుందాం. కీపర్లందరి జీతాలు కలిపి 720, కానీ వాళ్ల అసలు విలువ 1300. అంటే ఆక్షన్ రోజున చేతుల్లో ఉన్న డబ్బు 2400, కొనడానికి మిగిలిన సరుకు విలువ 1820. 2400ని 1820తో భాగిస్తే 1.32. అందుకే కీపర్ లీగుల్లో 40 డాలర్ల ఆటగాడు 53కి పోతాడు, దీన్నే ఆక్షన్ ఇన్‌ఫ్లేషన్ అంటారు, మీ లీగ్‌లో ఇది తప్పకుండా ఉండి ఉంటుంది.

ఇప్పుడు బలమైన టీముని చూడండి. ఎనిమిది మంది కీపర్లు, జీతాలు 50, విలువ 190. చేతిలో 210 మిగిలింది. బలహీనమైన టీముకి కీపర్ల జీతాలు 90, విలువ 110, చేతిలో 170. మిగిలిన సరుకులో ఎవరి డబ్బు వాటా ప్రకారం వాళ్లకు వస్తుందనుకుంటే, మొదటి టీము ఆక్షన్‌లో 159 విలువ కొంటుంది, మొత్తం 349. రెండోది 129 కొంటుంది, మొత్తం 239. తేడా 110.

క్యాప్ 230 చేద్దాం. ఆక్షన్‌లో ఉన్న డబ్బు 2040కి పడిపోతుంది, సరుకు మాత్రం అదే 1820. బలమైన టీము చేతిలో 180, బలహీనమైన దాని చేతిలో 140. లెక్క కట్టండి: మొదటిది 351కి పెరిగింది, రెండోది 235కి తగ్గింది. తేడా 116 అయింది. అందరికీ ఒకేలా 30 కోసినా, తక్కువ డబ్బు ఉన్నవాడికే ఆ కోత ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే చవక కీపర్ల జీతాలు కోతలోకి రావు. 2 డాలర్ల స్కీన్స్ 260 క్యాప్‌లోనూ 2 డాలర్లే, 230లోనూ 2 డాలర్లే.

క్యాప్ కొలిచేది జీతాన్ని, ఆటగాడి విలువని కాదు. మీ లీగ్‌లో జీతానికీ విలువకీ సంబంధం తెగిపోయి చాలా కాలమైంది. ఆ సంబంధాన్ని మళ్లీ కలపాలి, క్యాప్ ఎంత అన్నది తర్వాతి సంగతి.

చికాగో_బ్లీచర్స్

పైన లెక్క వేసినాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను లగ్జరీ ట్యాక్స్ గురించి మాట్లాడతాను, ఎందుకంటే చాలా లీగుల్లో ఈ ఆలోచన వస్తుంది, అసలు బేస్‌బాల్‌లో అది దేనికోసం ఉందో చూడకుండానే తెచ్చి పెట్టేస్తారు.

మేజర్ లీగ్‌లో గట్టి క్యాప్ (దాటడానికి వీల్లేని పరిమితి) లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994 నుంచి ఉంది, హాకీలో 2004-05 సీజన్ మొత్తం రద్దయ్యాక వచ్చింది. బేస్‌బాల్‌లోనూ యజమానులు పెట్టాలని చూశారు, దాని మీదే 1994 ఆగస్టు 12న ఆటగాళ్లు సమ్మెకు దిగారు, ఆ ఏడాది సీజన్ చివర జరిగే ఫైనల్, వరల్డ్ సిరీసే జరగలేదు. చివరికి క్యాప్ రాలేదు, ఆ తర్వాత ఒప్పందాల్లో ట్యాక్స్ వచ్చింది. 2022-26 ఒప్పందంలో 2025కి గీత 241 మిలియన్ డాలర్లు, 2026కి 244. దాటితే మొదటిసారి 20 శాతం, వరుసగా రెండోసారి 30, మూడోసారి నుంచి 50, బాగా ఎక్కువ దాటినవాళ్లకు పైన ఇంకా సర్‌ఛార్జీ. అయినా లాస్ ఏంజెలిస్ టీము డాడ్జర్స్ ఆగారా? 2024లో వంద మిలియన్లకు పైగా ట్యాక్స్ కట్టి వరల్డ్ సిరీస్ గెలిచారు, 2025లో అంతకన్నా ఎక్కువ కట్టి మళ్లీ గెలిచారు. మరోవైపు 2023లో అందరికన్నా ఎక్కువ జీతాలిచ్చిన మెట్స్ 75 మ్యాచులే గెలిచారు. డబ్బు ఎక్కువున్నవాడు ప్రతిసారీ గెలుస్తాడని కాదు, డబ్బున్నవాడు తప్పు చేసినా మళ్లీ కొనుక్కోగలడు, అదీ తేడా.

కానీ ఇదంతా లాస్ ఏంజెలిస్‌కి వచ్చే టీవీ డబ్బూ పిట్స్‌బర్గ్‌కి వచ్చే టీవీ డబ్బూ ఒకటి కాదు కాబట్టి వచ్చిన గొడవ. మీ లీగ్‌లో 12 మందికీ 260యే. అంటే మీకు ఇప్పటికే గట్టి క్యాప్ ఉంది, ఎన్‌ఎఫ్‌ఎల్ కన్నా గట్టిగా ఉంది. లేని రోగానికి ట్యాక్స్ అనే మందు ఎందుకు?

మీరు మేజర్ లీగ్ నుంచి తెచ్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. అక్కడ కూడా కుర్రాళ్లు చవకే. 2025లో కనీస జీతం 7 లక్షల 60 వేల డాలర్లు, స్కీన్స్ లాంటివాడు కూడా మొదట్లో దాని చుట్టుపక్కలే తీసుకుంటాడు. కానీ ఆ చవకకి గడువు ఉంది! దాదాపు మూడేళ్ల సర్వీసు అయ్యాక ఆర్బిట్రేషన్ (జీతాన్ని మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం), జీతం ఎగబాకుతుంది. ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్, ఏ టీముకైనా వెళ్లొచ్చు. చిన్న టీములు టాంపా బే రేస్ లాగా 2008లో, 2020లో వరల్డ్ సిరీస్ దాకా వెళ్లాయంటే ఆ చవక సంవత్సరాలను బాగా వాడుకోవడం వల్లే, ఆ తర్వాత వాళ్లను వదులుకోక తప్పదు కూడా. మీ లీగ్‌లో గడువే లేదు. విట్ 11 డాలర్లకు రిటైరయ్యేదాకా ఆయన దగ్గరే ఉంటాడు. అసలు కిటుకు అక్కడుంది.

ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మన వైజాగ్ నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకుంది. 2024లో బాగా ఆడాడు. 2025 మెగా ఆక్షన్‌కి ముందు ఉంచుకోవాలంటే 6 కోట్లు పెట్టాల్సి వచ్చింది, అది 120 కోట్ల పర్సులోంచి పోయింది. మీ లీగ్ రూల్ ఐపీఎల్‌కి పెడితే నితీశ్ ఇప్పటికీ 20 లక్షలకే ఆడుతుండేవాడు, ఆ మిగిలిన డబ్బుతో సన్‌రైజర్స్ ఇంకెవరినో కొనేసేది. ఏ ఫ్రాంచైజీ అయినా దానికి ఒప్పుకుంటుందా?

ఫార్మ్_సిస్టమ్

నేను అటువైపు నుంచి మాట్లాడతాను. మా లీగ్‌లో 2 డాలర్ల కీపర్లు ఎక్కువ ఉన్న టీము నాదే, అందుకే కోపం వస్తే క్షమించాలి.

స్కీన్స్‌ని 2 డాలర్లకు తెచ్చుకోవడం అదృష్టం కాదు. అతను 2024 మే 11న పిట్స్‌బర్గ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. అంతకు ముందు వారాల్లో ట్రిపుల్ ఏలో (మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఉన్న మైనర్ లీగ్) వేస్తుంటే ఎవరు చూశారు? ఆ ఆటగాడి కోసం ఒక బెంచ్ స్థానం ఖాళీగా ఉంచుకుని, ఏప్రిల్ అంతా ఒక బ్యాటర్ తక్కువతో ఆడినవాడు ఎవరు? మిగతా 11 మందీ అప్పుడు ఆ 2 డాలర్లు దండగ అనుకున్నవాళ్లే. అతను 1.96 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చే సగటు పరుగులు, తక్కువైతే మంచిది) రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాక ఇప్పుడు అన్యాయం అంటే ఎలా?

కీపర్ లీగ్‌లో ఉన్న రుచే అది. మైనర్ లీగుల్లో బాక్స్ స్కోర్లు చదివి, ఎవడు ఎప్పుడు పైకి వస్తాడో అంచనా వేసి, ముందే పట్టుకోవడం. ఆ కష్టానికి ఫలం లేకుండా చేస్తే ప్రతి ఏడాదీ కొత్తగా ఆక్షన్ పెట్టుకోండి, కీపర్లు ఎందుకు?

ఇంకో మాట. రూల్ ఏదైనా సరే, వెనక్కి వర్తింపచేయకండి. ఆయన విట్‌ని 11 డాలర్లకు కొన్నప్పుడు ఎన్నేళ్లైనా ఉంచుకోవచ్చు అనే రూల్ చూసే కొన్నాడు. ఆ లెక్కతోనే ట్రేడ్లు చేశాడు, బహుశా ఆ రూల్‌ని నమ్మి ఎవరికో మంచి ఆటగాడిని ఇచ్చి మరీ తెచ్చుకున్నాడు. కింద ఉన్న ఇద్దరిని నిలుపుకోవడం కోసం పైన ఉన్న ఒకడిని మోసపోయానని అనుకునేలా చేస్తే ఆ లీగ్ కూడా నిలవదు.

లెఫ్టీ_శార్లెట్

ఫార్మ్_సిస్టమ్ గారు చెప్పిన రెండు మాటలూ న్యాయమే, కానీ వాటికి సమాధానాలు ఎప్పుడో కనిపెట్టారు. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్, ఆయన ఫ్రెండ్స్ రోటిసెరీ (రోటో అసలు పేరు) మొదలుపెట్టారు కదా, 260 డాలర్లు, 23 మంది అనేది వాళ్ల దగ్గర నుంచి వచ్చిందే. వాళ్ల పాత రూల్స్‌లోనే కాంట్రాక్టు పద్ధతి ఉంది. కొన్న ఏడాది, మరుసటి ఏడాది అదే ధర. మూడో ఏడాదికి ముందు నిర్ణయం తీసుకోవాలి: వదిలేయడం, లేదా ఆ ఒక్క ఏడాది అదే ధరకు ఆడించి తర్వాత ఆక్షన్‌లోకి పంపడం, లేదా దీర్ఘకాలిక కాంట్రాక్టు ఇవ్వడం. కాంట్రాక్టు ఇస్తే పొడిగించిన ఒక్కో ఏడాదికి జీతం 5 డాలర్లు పెరుగుతుంది. 2 డాలర్ల స్కీన్స్‌ని ఇంకో మూడేళ్లు కట్టిపడేసుకోవాలంటే 17 అవుతాడు. అప్పటికీ లాభమే! కష్టపడి కనిపెట్టినవాడికి ఫలం పోలేదు, కానీ శాశ్వతం కాదు. పైగా కాంట్రాక్టు ఇచ్చాక అతని మోచేయి దెబ్బతింటే ఆ రిస్కు మీదే, అందుకే ఆ నిర్ణయం తీసుకునే రోజు మా లీగ్‌లో ఆక్షన్ రోజు కన్నా ఎక్కువ టెన్షన్ ఉంటుంది.

ఇంకా గట్టిగా కావాలంటే ఒట్టోన్యూ అనే ఫాంటసీ ప్లాట్‌ఫామ్ పద్ధతి చూడండి. అందులో 12 టీములు, 400 డాలర్ల క్యాప్, 40 మంది ఆటగాళ్లు, కాంట్రాక్టు గడువంటూ ఉండదు. కానీ ఏటా మేజర్ లీగ్‌లో ఆడిన ప్రతివాడి జీతం 2 డాలర్లు, మైనర్లలో ఉన్నవాడిది 1 డాలరు పెరుగుతుంది. దానిపైన ఆర్బిట్రేషన్: సీజన్ అయ్యాక ప్రతి టీముకీ 25 డాలర్లు ఇస్తారు, వాటిని మిగతా టీముల ఆటగాళ్ల జీతాల మీద వేయాలి. ఒక్కో టీము మీద కనీసం 1, గరిష్ఠంగా 8. అంటే అందరూ కలిసి ఆ చవక స్కీన్స్ మీదే పడితే ఒక్క శీతాకాలంలో అతని జీతం ఎగిరిపోతుంది. నాకు ఈ పద్ధతిలో నచ్చేదేంటంటే, ఎవడు చవకగా ఉన్నాడో కమిషనర్ నిర్ణయించక్కర్లేదు, పోటీదారులే కళ్లు తెరుచుకుని చూస్తారు. మీ ప్లాట్‌ఫామ్‌లో ఆర్బిట్రేషన్ లేకపోయినా గూగుల్ షీట్‌లో నడపవచ్చు, కష్టం కాదు.

పాత ఒప్పందాల మాట కూడా చెప్తాను. ఇప్పుడున్న కీపర్లను ఇంకో రెండు సీజన్లు పాత ధరకే ఉంచుకోనివ్వండి, కొత్తగా కొనేవాళ్లకు ఈ ఏడాది నుంచే కొత్త రూల్. పై టీములవాళ్లు అలా అయితేనే ఓటు వేస్తారు, వాళ్లు ఓటు వేయకపోతే మీ రూల్ పాసవదు.

కీపర్ ధరలు సరిచేసి డంప్ ట్రేడ్లు వదిలేస్తే మాత్రం సగం పనే. జూన్‌లో కిందున్న టీము ఏం చేస్తుంది? తన 45 డాలర్ల సోటోని, 38 డాలర్ల స్కూబల్‌ని పై టీముకి ఇచ్చేసి, వచ్చే ఏడాది కోసం ఒక 3 డాలర్ల కుర్రాడిని తీసుకుంటుంది. ఇద్దరికీ లాభమే, కాబట్టి దాన్ని మోసం అనలేం. నష్టపోయేది మూడో నాలుగో స్థానంలో ఉండి డంప్ దొరకని టీము. ఆగస్టులో ఆ పై టీము జీతాలు కూడితే 400 ఉంటాయి. మీరు 260 అని పెట్టుకున్న క్యాప్ ఆక్షన్ రోజు ఒక్కరోజుకే పనిచేసిందన్నమాట! దీనికి వీటో ఓటింగ్ పెట్టకండి, అది స్నేహాలు చెడగొడుతుంది. సీజన్ మొత్తానికి వేరే క్యాప్ పెట్టండి. ఆక్షన్‌కి 260, సీజన్‌లో ఎప్పుడైనా సరే 310 దాటకూడదు. స్టార్‌ని తీసుకోవాలంటే ఒక జీతం పంపించాలి. ఇది మా లీగ్‌లో పెట్టాక జూలై ట్రేడ్లు ఆగిపోలేదు, కానీ ఒకే టీముకి చేరడం ఆగింది.

చివరి స్థానానికి వచ్చే ఏడాది మైనర్ డ్రాఫ్ట్‌లో (మైనర్ లీగ్ కుర్రాళ్లను వరుసగా ఎంచుకోవడం) మొదటి పిక్ ఇస్తుంటే అది కూడా మార్చండి. బహుమతి స్థానాలకు ఒక్క మెట్టు కింద ఆగినవాడికి మొదటి పిక్ ఇవ్వండి, అక్కడ నుంచి కిందకి. అప్పుడు తొమ్మిదో స్థానంలో ఉన్నవాడికి ఎనిమిదికి ఎక్కాలనే ఆశ సెప్టెంబర్ దాకా ఉంటుంది. లైనప్ మార్చడం మానేసేవాళ్లను తిరిగి రప్పించింది మా దగ్గర ఈ ఒక్క రూలే.

రోటో_లెక్కలు

లెఫ్టీ చెప్పినదాంట్లో ఒక జాగ్రత్త. ఏటా 2 డాలర్ల పెరుగుదల 400 క్యాప్ ఉన్నచోట సరిపోతుంది, ఆర్బిట్రేషన్ తోడుంది కాబట్టి. ఆర్బిట్రేషన్ లేకుండా ఉత్త 2 డాలర్లు పెడితే 4 డాలర్ల డి లా క్రూజ్ ఐదేళ్లకు 14 అవుతాడు, 2024లో 67 స్టీల్స్ (బేస్ దొంగిలించడం) చేసినవాడు 14 అంటే ఇంకా దోపిడీయే. ఏదో ఒకటే పెట్టాలంటే 5 డాలర్ల కాంట్రాక్టు పద్ధతి పెట్టండి, అర్థం చేసుకోవడం తేలిక, కొత్తవాళ్లకు ఒక్క నిమిషంలో చెప్పొచ్చు.

కీపర్ల సంఖ్య ఎనిమిది నుంచి ఐదుకో ఆరుకో తగ్గించినా చాలా తేడా వస్తుంది. ఆక్షన్‌లోకి సరుకు ఎక్కువ వస్తుంది, ఇన్‌ఫ్లేషన్ దిగుతుంది, కింద టీము డబ్బుకి విలువ పెరుగుతుంది.

ఫార్మ్_సిస్టమ్

రెండు సీజన్ల గడువు, ఆ తర్వాత 5 డాలర్ల పద్ధతి అయితే నేనైనా ఓటు వేస్తాను. ఆర్బిట్రేషన్‌కి మాత్రం వేయను. పదకొండు మంది కలిసి ఒకడి మీద పడే పద్ధతి స్నేహితుల మధ్య మంచిది కాదని నా అభిప్రాయం, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య అయితే పర్లేదు.

ప్లేనో_కమిషనర్

అందరికీ చాలా థ్యాంక్స్. 230 క్యాప్ ప్రతిపాదన పెట్టినాయనకి ఆ లెక్క చూపించాను, ఆయన తన టీము అంకెలు వేసుకుని చూసి తనే వెనక్కి తీసుకున్నాడు. ఓటింగ్‌కి మూడు పెడుతున్నాను: 5 డాలర్ల కాంట్రాక్టు (పాత కీపర్లకు రెండు సీజన్ల గడువుతో), సీజన్ క్యాప్ 310, డ్రాఫ్ట్ వరుస మార్పు. ఆర్బిట్రేషన్ ఇప్పటికి వద్దు. వెళ్లిపోతామన్న ఇద్దరికీ ఈ థ్రెడ్ పంపాను, ఒకాయన ఓటింగ్ దాకా ఆగుతానన్నాడు.

ఒక్క సందేహం మిగిలింది. సీజన్ మధ్యలో ఫ్రీ ఏజెంట్లుగా (ఏ టీములోనూ లేనివాళ్లు) తీసుకున్నవాళ్ల కీపర్ ధర ఎంత పెట్టాలి? మా దగ్గర సీజన్‌కి 100 డాలర్ల ఫాబ్ (అలాంటివాళ్ల మీద బిడ్ వేసే బడ్జెట్) ఉంది, ఇప్పటిదాకా ఎంత బిడ్ వేసినా కీపర్ ధర 1 డాలరే.

లెఫ్టీ_శార్లెట్

అదే మీ చవక కీపర్లు పుట్టే చోటు అన్నా, దాన్ని కూడా ఈ ఓటింగ్‌లోనే కలపండి. గెలిచిన బిడ్ ఎంతో అదే కీపర్ ధర, కానీ 5కి తగ్గకూడదు. మే నెలలో కొత్తగా పైకొచ్చిన కుర్రాడి మీద 38 వేసి గెలిచినవాడు 38కే ఉంచుకోవాలి. మిగతావాళ్లెవరూ వేయకపోయి 5కే తెచ్చుకున్నవాడిది నిజంగా కనిపెట్టిన ఘనత, ఆ లాభం అతనికి దక్కనివ్వండి. ఆగస్టు ట్రేడ్ డెడ్‌లైన్ తర్వాత తీసుకున్నవాళ్లను అసలు కీపర్లుగా ఒప్పుకోకండి, లేకపోతే సెప్టెంబర్‌లో కింద టీములన్నీ ఆడేవాళ్లను తీసేసి వచ్చే ఏడాది కుర్రాళ్లతో బెంచ్ నింపేస్తాయి, ఆ వారాల్లో టైటిల్ కోసం పోరాడేవాళ్లకి అది అన్యాయం.